పదకొండు ఖాళీలు

అన్నీ చూసేవాడు పైన ఒకడున్నాడని నేను చిన్నప్పటినుంచీ నమ్ముతున్నాను. పొద్దున్నే ఆయనకు దణ్ణం పెట్టుకోకుండా మంచినీళ్ళు కూడా ముట్టను. అయినా పాతికేళ్ళుగా ఒక అనుమానం నన్ను వదలడం లేదు. చూసినవాడు సాక్ష్యం చెప్పాలి కదా. ఏ తప్పూ చెయ్యని మనిషి నలుగురి ముందు నిలబడి వణుకుతుంటే, చూసినవాడు నోరు విప్పడేం? మా ఆవిడని అడిగితే, "ఆయన చెప్తూనే ఉంటాడు, మీకే వినపడదు" అంటుంది. జవాబు బాగానే ఉంది గాని విచారణలో చెల్లదు.

ఆ గురువారం మధ్యాహ్నం రెండుంబావుకి ఆసుపత్రి బ్లడ్ బ్యాంకు గదిలో అడుగుపెట్టినప్పుడు కూడా నాకు అదే గుర్తొచ్చింది. ఎదురుగా స్టూలు మీద ఒకావిడ కూర్చుని ఉంది. చేతుల్లో ఫోను. దాన్ని చూడటం లేదు, వదలడమూ లేదు.

ఆసుపత్రిలో అందరూ ఆవిడని పెద్దక్క అంటారు. ఇరవై నాలుగేళ్ళుగా ఆ గదికి ఆవిడే టెక్నీషియను. నాలుగు గంటలకు పై అంతస్తులో ముగ్గురు పెద్దలు కూర్చుని ఆవిడ ఉద్యోగం తీసెయ్యాలా వద్దా అని తేలుస్తారు. ఆవిడ కూతురు పొద్దున మా ఇంటికొచ్చి, "అమ్మ రెండు రోజులుగా అన్నం ముట్టుకోలేదు, మీరొకసారి చూడండి బాబాయ్" అంటే వచ్చాను. నేను చేసే పని అదే. వెనక రేడియోలు బాగుచేసేవాణ్ణి. ఆ దుకాణం మూతపడ్డాక, పోయినవి వెతికిపెట్టడం, ఎవరు నిజం చెప్తున్నారో కనుక్కోవడం నా బతుకుతెరువైంది.

"మంగళవారం ఏం జరిగిందో మీ నోటితో చెప్పండమ్మా," అన్నాను.

"రాసిచ్చాను కదండీ."

"రాసింది చదివాను. వినాలని ఉంది."

ఆవిడ గోడవారగా ఉన్న ఫ్రిజ్ వైపు చూసింది. మనిషెత్తు ఫ్రిజ్. అద్దాల తలుపు వెనక అరలన్నీ ఖాళీ.

"ఒంటిగంటా పది నిమిషాలకి ఆపరేషను గది నుంచి కబురొచ్చింది. అర్జెంటుగా మూడు బ్యాగులు కావాలన్నారు. నా అసిస్టెంటు సెలవులో ఉంది. నేనే తీసుకెళ్ళాను. ఇచ్చేసి వచ్చేద్దామనుకుంటే, రక్తం ఆగడంలేదు, ఇంకా కావాలంటామేమో, నువ్విక్కడే ఉండక్కా అన్నారు. బయట బల్లమీద కూర్చున్నాను. మూడుగంటలు దాటాక వచ్చేసరికి ఫ్రిజ్ ఆగిపోయి ఉంది. లోపల పదకొండు డిగ్రీలు. ఆరు దాటకూడదు. ముప్ఫై ఎనిమిది బ్యాగులు. అన్నీ పారబొయ్యాల్సొచ్చింది."

"ఫ్రిజ్ ఎందుకు ఆగింది?"

"పాతది. కంప్రెసర్ పోయింది. దాని గురించి ఎవరికీ పేచీ లేదండీ. అది పోతే తెలియడానికేగా ఆ మిషను పెట్టింది."

ఆ మిషను అంటే ఫ్రిజ్ పక్కన బల్లమీదున్న లాప్‌టాప్. ఫ్రిజ్ లోపలినుంచి ఒక సన్నటి తీగ దానికి వస్తుంది. అయిదు నిమిషాలకోసారి వేడి ఎంతుందో చూసుకుని, వైఫై మీద ఆసుపత్రి ఆఫీసుకీ, పెద్దక్క ఫోనుకీ చెప్తుంది. ఆరు డిగ్రీలు దాటితే ఫోను గోలగోలగా మోగుతుంది. అప్పుడు పరుగెత్తుకొచ్చి బ్యాగుల్ని ఐసు పెట్టెల్లోకి మార్చడానికి అరగంట పైనే టైముంటుంది.

"మరి ఫోను?"

"మోగలేదు. బల్లమీద కూర్చున్నంతసేపూ చేతిలోనే ఉందండీ. నిమిషానికోసారి చూస్తూనే ఉన్నాను. మోగలేదు కాబట్టి అంతా బాగుందనుకున్నాను."

తలుపు దగ్గర ఎవరో చిన్నగా నవ్వారు. తల తిప్పకుండానే ఎవరో తెలిసింది. ఆ ఫ్రిజ్, లాప్‌టాప్, అందులో వేడి కనిపెట్టే కాపలా ప్రోగ్రాము అమ్మిన కంపెనీ తరఫున వచ్చిన ఇన్‌స్పెక్టరు. ముప్ఫై దాటి ఉండవు. మడత నలగని చొక్కా, నిమిషాల లెక్క తప్పని బుర్ర. ఇదివరకు రెండు కేసుల్లో మేమిద్దరం ఎదురుపడ్డాం. రెండుసార్లూ అతనే గెలిచాడు.

"రేడియో బాబాయ్, మీరు బతికున్న యంత్రాల్ని కూడా చూడ్డం మొదలెట్టారా?"

"మీరు చంపేసినవాటినే చూస్తున్నాను బాబూ."

"నన్నెందుకంటారు? చంపిన మనిషి మీ ఎదురుగానే ఉంది." అతను కాగితాల కట్ట బల్లమీద పెట్టాడు. "ఆఫీసు కంప్యూటరులో లెక్క ఇదీ. ఒంటిగంటా పన్నెండుకి ఈ లాప్‌టాప్ మాట్లాడటం మానేసింది. మూడూ ఏడుకి మళ్ళీ మాట్లాడింది. మధ్యలో గంటా యాభై అయిదు నిమిషాలు ఒక్క ముక్క లేదు. మీ పెద్దక్క గది దాటింది ఒంటిగంటా పన్నెండుకి. తిరిగొచ్చింది మూడూ అయిదుకి. ఇంకేం కావాలి?"

"వైఫై పెట్టె చూశారా?"

"చూశాను. బంగారంలా ఉంది. ఇదే వరండాలో మిగతా మిషన్లన్నీ ఆ రెండు గంటలూ పనిచేశాయి. లాప్‌టాప్‌లో వైఫైతో మాట్లాడే రేడియో కూడా బాగుంది, ఇప్పుడు చూడండి, ఎంచక్కా పనిచేస్తోంది. చెడిపోయింది తనంతట తనే బాగవదు కదా. కావాలని ఆపారు, కావాలనే మళ్ళీ పెట్టారు. బయటికెళ్ళి తీరిగ్గా కూర్చోవాలంటే ఫోను మోగకూడదు. అంతే."

పెద్దక్క ఫోను తెరిచి మంగళవారం నాటి కాల్స్ మళ్ళీ చూసుకుంది. దబాయిస్తే కోపం తెచ్చుకునే మనుషులుంటారు. ఈవిడ, ఎదుటివాడు చెప్పేది నిజమేనేమో, నేనే మర్చిపోయానేమో అనుకునే రకం. అలాంటివాళ్ళని నేరస్థుల్ని చెయ్యడం చాలా తేలిక.

సూపరింటెండెంటు డాక్టరుగారు వచ్చారు. ఆయన జుట్టంతా తెల్లబడిపోయింది. ఆయన కళ్ళలో కూడా నిద్రలేదు. ముప్ఫై ఎనిమిది బ్యాగులు పోవడంతో బుధవారం ఆపరేషన్లన్నీ వాయిదా వేశారు.

"తేలిందా?" అన్నారాయన.

"ఇంకా లేదండీ. ఈ లాప్‌టాప్ లోపలి లెక్క ఎవరైనా చూశారా?"

"ఆఫీసు లెక్క ఉండగా ఇదెందుకు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఫోను చేస్తే అవతలివాడు ఎత్తలేదనుకోండి. ఎందుకు ఎత్తలేదో ఇవతలివాడికి తెలీదు కదా. అవతలికి వెళ్ళి చూడాలి."

నా దుకాణానికి జనం రేడియో చంకన పెట్టుకుని అరమైలు నడిచొచ్చేవాళ్ళు. పాట రావడంలేదండీ అనేవాళ్ళు. సగంమందికి నేను చేసే రిపేరు, పక్కనున్న మీట ఇటునుంచి అటు తొయ్యడమే. వాళ్ళు సిగ్గుపడకుండా, లోపలేదో తీగ కదిలిందండీ అని చెప్పి పంపేవాణ్ణి. అప్పటినుంచీ ఏ యంత్రం మూగబోయినా ముందు మీట ఎక్కడుందో చూడటం నాకు అలవాటు.

డాక్టరుగారి అనుమతితో లాప్‌టాప్ తెరిచాను. అందులో కాపలా ప్రోగ్రాము దాచుకున్న లెక్క మా అబ్బాయి నేర్పిన పద్ధతిలో బయటికి తీశాను. వైఫై రేడియో ఆగిన ప్రతిసారీ, వచ్చిన ప్రతిసారీ టైము, దాని పక్కన రెండు గళ్ళు. మంగళవారం ఒంటిగంటా పన్నెండు దగ్గర వేలుపెట్టి చదివాను.

"సాఫ్ట్‌వేర్ ఆన్. హార్డ్‌వేర్ ఆఫ్."

"అంటే?" అన్నారు డాక్టరుగారు.

"ఈ రేడియో మాట్లాడాలంటే రెండు చోట్ల ఒప్పుకోవాలండీ. తెరమీద నొక్కేది ఒకటి, అది సాఫ్ట్‌వేర్. ఒంటికి తగిలించిన అసలు మీట ఇంకోటి, అది హార్డ్‌వేర్. తెరమీద ఎవరూ ఏమీ నొక్కలేదు. అది ఆన్‌లోనే ఉంది. ఆగింది మీట."

"చూశారా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మీటని వేలితోనే కదా కదుపుతారు. మీరే ఒప్పుకున్నారు."

"పెద్దక్కగారూ, ఆ మీట ఎక్కడుంటుంది?"

ఆవిడ లాప్‌టాప్ చుట్టూ చూసింది. భయంభయంగా, దాన్ని ఆన్ చేసే గుండ్రటి బొత్తం చూపించింది. "ఇదేనాండీ?"

"తెలీనట్టు నటించడం పెద్ద విద్యేం కాదు," అన్నాడతను.

అది నిజమే. నేను లెక్క పైకి జరిపాను. మీట ఆగింది మంగళవారం ఒక్కరోజే కాదు. పద్ధెనిమిది రోజుల్లో పదకొండుసార్లు ఆగింది. ఒకసారి నాలుగు నిమిషాలు, ఒకసారి పన్నెండు, ఒకసారి ఇరవై. పక్కనే ఉన్న రక్తం ఇచ్చే రిజిస్టరు తెరిచి తారీఖులు, టైములు పోల్చాను. ఏ బ్యాగు, ఎవరికి, ఎన్నింటికి, ఎవరు తీసుకెళ్ళారు అన్నీ ఉన్నాయి. వార్డువాళ్ళు వచ్చి తీసుకెళ్ళినవి నలభైకి పైగా. వాటిల్లో ఒక్కదానికీ రేడియో ఆగలేదు. పెద్దక్క తనే పట్టుకెళ్ళినవాటికి ఎదురుగా 'స్వయంగా' అని రాసి ఉంది. లెక్కపెట్టాను. పదకొండు. ఖాళీలూ పదకొండే. అన్నీ రెండు నిమిషాల తేడాతో సరిపోయాయి.

ఇన్‌స్పెక్టరు నా భుజం మీదనుంచి చూస్తూ నాతోపాటే లెక్కపెట్టాడు. తరవాత చాలా మర్యాదగా అన్నాడు.

"థాంక్స్ బాబాయ్. నా పని మీరు చేసిపెట్టారు. నేను ఒక్కసారే అనుకున్నాను. బయటికెళ్ళిన ప్రతిసారీ ఆపేసిందన్నమాట. డాక్టరుగారూ, ఇది అలవాటుగా చేస్తున్న పని."

డాక్టరుగారు పెద్దక్క వైపు చూడలేకపోయారు. "నేను ఆపలేదండీ," అందావిడ. "పిల్లలమీద ఒట్టు."

ఆవిడని ఒడ్డుకి లాగుదామని వచ్చి నేనే నీళ్ళలోకి తోసినట్టయింది. గడియారం మూడూ అయిదు చూపిస్తోంది. మనసులో ఒకసారి దణ్ణం పెట్టుకున్నాను. చూశావు కదా, ఏదైనా ఒక్క ముక్క చెప్పు అని అడిగాను. ఏమీ వినపడలేదు. అలాంటప్పుడు చేతిలో ఉన్న పని చూసుకోవడం ఒక్కటే మార్గం. నా చేతిలో రిజిస్టరు ఉంది.

"ఈ ఖాళీలు పద్ధెనిమిది రోజులనుంచే ఎందుకున్నాయి?" అన్నాను. "ఈ లాప్‌టాప్ వచ్చి రెండేళ్ళయింది. అంతకుముందు ఒక్క ఖాళీ కూడా లేదు. అప్పుడు మీరు బయటికి వెళ్ళేవారు కాదా అక్కా?"

"ఎందుకు వెళ్ళనూ? వారానికి నాలుగైదుసార్లు వెళ్తాను."

"మరి ఆ రోజునుంచి ఏం మారింది?"

"ఏమీ మారలేదండీ. అదే గది, అదే నేను."

రిజిస్టరు మొదటి పేజీకి తిప్పాను. మొదటి తారీఖు, మొదటి ఖాళీ పడ్డ తారీఖు ఒకటే. పుస్తకం మూసి అటూ ఇటూ చూశాను. లావుపాటి అట్ట. పాత రిజిస్టర్లకి మూలలు చిరిగిపోతున్నాయని కాబోలు, దీనికి నాలుగు మూలలా రేకు తొడుగులు వేశారు. ఒక మూల రేకు కాస్త పైకి లేచి గోరులా ఉంది.

"అక్కా, బ్యాగులు తీసుకుని వెళ్ళేటప్పుడు ఈ పుస్తకం ఎక్కడ పెడతారు?"

"బల్లమీదే."

"బల్లమీద ఎక్కడ?"

"తెరిచే ఉంచుతానండీ. నేను లేనప్పుడు ఎవరైనా వస్తే, ఏ బ్యాగు వెళ్ళింది, ఎక్కడికి వెళ్ళింది కనబడాలి కదా. ఫ్యాను గాలికి పేజీ మూసుకుపోకుండా..." ఆవిడ లేవబోయింది.

"మీరు ముట్టుకోవద్దు. నోటితో చెప్పండి. ఇన్‌స్పెక్టరుగారు చేస్తారు."

"నేనెందుకు?"

"మీ వేళ్ళమీద ఎవరికీ అనుమానం లేదు కాబట్టి."

అతను నవ్వి పుస్తకం అందుకున్నాడు. ఆవిడ చెప్తూ పోయింది, కొత్తగా చేరిన పిల్లకి పని నేర్పుతున్నట్టు. "లాప్‌టాప్ ముందు అంచు కొంచెం పైకెత్తండి బాబూ. తెరిచిన పుస్తకాన్ని కుడిపక్కనుంచి దాని కిందికి తొయ్యండి. ఇంకొంచెం ఎడమకి. ఆఁ, పేజీ పైఅంచు దాకా. ఇప్పుడు వదిలెయ్యండి. ఆ బరువుకి పేజీ కదలదు."

అతను వదిలాడు. లాప్‌టాప్ ముందు అంచులో, నీలంగా వెలుగుతున్న చుక్క పసుపురంగుకి మారింది.

నేను వంగి చూపించాను. ఆ చుక్క పక్కనే, అంచు కింద, బియ్యపుగింజంత మీట. రేకు మూల దాన్ని తగులుకుని ఎడమకి లాగేసింది.

"ఇప్పుడు పుస్తకం తియ్యండి."

కుడివైపుకి లాగాడు. రేకు మీటని తనతో తీసుకొచ్చింది. చుక్క నీలమైంది.

అతను మళ్ళీ తోశాడు. పసుపు. మళ్ళీ లాగాడు. నీలం. వార్డువాళ్ళు వచ్చినప్పుడు ఆవిడ గదిలోనే ఉంటుంది, పుస్తకం దూర్చే పని లేదు. తను వెళ్తేనే దూర్చేది. ఎంత జాగ్రత్తగా ఉంటే అంత చేటయింది. పద్ధతి తెలిసిన మనిషి మాత్రమే చెయ్యగల తప్పు.

"పెద్దక్కా," అన్నారు డాక్టరుగారు. "ఆ రేకు పుస్తకాలు కొనిపించింది నేనే."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్‌స్పెక్టరు చొక్కా జేబులోంచి పెన్ను తీసి, తన రిపోర్టు మొదటి పేజీని అడ్డంగా కొట్టేశాడు. అతను అలా చేస్తాడని నేననుకోలేదు.

నాకు మాత్రం ఇంకో ముల్లు గుచ్చుకుంది. "పుస్తకాలు అన్నారు. ఎన్ని కొన్నారండీ?"

"ఆరు. మూడు బీరువాలో ఉన్నాయి. ఒకటి ఇది. ఒకటి మందుల గదికి."

"ఆరోది?"

"పై అంతస్తులో పసిపిల్లల గదికి."

"అక్కడ లాప్‌టాప్ ఉందా?"

ఆయన మొహం మారిపోయింది. "ఉంది. ఇలాంటిదే. ఇవి రెండే కొన్నాం. నెలలు నిండని పిల్లల్ని పెట్టే వెచ్చని పెట్టెలకి."

"పుస్తకం ఇలా దూర్చే అలవాటు అక్కడ ఎవరికీ ఉండదులెండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

పెద్దక్క లేచి నిలబడింది. "ఉంటుంది బాబూ. అక్కడి నర్సు ముందు నా దగ్గరే పనిచేసింది. నేనే నేర్పాను."

డాక్టరుగారు ఆ గదిలోని ఫోనుకి చేశారు. మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. ఇన్‌స్పెక్టరు అప్పటికే తలుపు దాటాడు. కుర్రతనం, రెండేసి మెట్లు ఎక్కుతున్నాడు. నేనూ పెద్దక్కా వెనక పడ్డాం. నా మోకాళ్ళు ఆ మెట్ల సంగతి ఇవాళ్టికీ గుర్తుపెట్టుకున్నాయి.

గదిలో మూడు అద్దాల పెట్టెలు. మూడింట్లోనూ పిల్లలున్నారు. నర్సు లేదు. బల్లమీద లాప్‌టాప్, దాని కింద తెరిచిన పుస్తకం, అంచులో పసుపు చుక్క. కిటికీ పక్క పెట్టెకి చెయ్యి దూర్చే చిన్న తలుపు సరిగ్గా పడలేదు. వేలెడు సందు. ఆ పెట్టె మీద అంకె తగ్గుతోంది. మేం చూస్తుండగానే ఇంకొకటి తగ్గింది.

పెద్దక్క పెట్టె దగ్గరికి పరుగెత్తి తలుపు నొక్కింది. ఇన్‌స్పెక్టరు పుస్తకం లాగేశాడు.

పక్కగదిలో ఒక ఫోను గోలగోలగా మోగింది.

గిన్నెలు కిందపడ్డ చప్పుడు, అడుగుల చప్పుడు. నర్సు తడిచేతులతో పరుగెత్తుకొచ్చింది. "ఇప్పుడే మోగింది అక్కా, ఇప్పటిదాకా మోగలేదు, ఫోను జేబులోనే ఉంది," అంటోంది. పాలగిన్నెలు కడగడానికి వెళ్ళి పావుగంట అయిందట. కుళాయి చప్పుడులో గదిలోని ఫోను వినపడలేదట.

"తెలుసమ్మా. నీ తప్పు కాదు," అంది పెద్దక్క. ఆవిడ అరచెయ్యి ఇంకా ఆ పెట్టె మీదే ఉంది. కాసేపటికి అంకె పెరగడం మొదలెట్టింది. లోపలున్న పిల్ల కాలు ముడుచుకుని, మళ్ళీ చాపింది. డాక్టరుగారు వచ్చి చూసి, ఏం ఫరవాలేదన్నారు. ఇన్‌స్పెక్టరు గోడకి ఆనుకుని పుస్తకాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు, మళ్ళీ ఎక్కడైనా దూరిపోతుందేమో అన్నట్టు.

"బాబాయ్," అన్నాడు. "కింద నేనే గెలిచి ఉంటే, మనం పైకి వచ్చేవాళ్ళం కాదు."

"వచ్చాం కదా. ఊపిరి పీల్చుకో ముందు."

నాలుగు గంటల విచారణ పది నిమిషాల్లో ముగిసింది. మొత్తం ఇన్‌స్పెక్టరే చెప్పాడు. మీట ఎక్కడుంటుందో వాడేవాళ్ళకి చెప్పకపోవడం, అది ఆగితే అరిచే ఏర్పాటు చెయ్యకపోవడం తమ కంపెనీ తప్పని తన నోటితోనే అన్నాడు. దానివల్ల అతని ఉద్యోగం ఏమవుతుందో నేనడగలేదు. ఈసారి ఎవరు గెలిచారో కూడా మేం మాట్లాడుకోలేదు.

అయిదింటికి పెద్దక్క తన గదిలో తన కుర్చీలో కూర్చుంది. మరమ్మతయ్యేదాకా వాడుకోమని పక్క ఆసుపత్రివాళ్ళు పంపిన ఫ్రిజ్ చప్పుడు చేస్తోంది. అరలు ఖాళీ. వాయిదాపడ్డ ఆపరేషన్లు రేపు చెయ్యాలంటే రక్తం కావాలి. డాక్టరుగారు చొక్కా చేతులు మడుచుకుని మొదటి మంచమ్మీద పడుకున్నారు. గుమ్మంలో ఇన్‌స్పెక్టరు వంతుకోసం నిలబడ్డాడు.

"మీరింక ఇంటికెళ్ళండి," అంది పెద్దక్క నాతో. "మధ్యాహ్నమనగా వచ్చారు. మా అమ్మాయి మీకేమిచ్చుకోవాలో..."

"ఇచ్చుకోవాల్సింది నేనమ్మా," అన్నాను.

మా రెండోవాడు ఈ ఆసుపత్రిలోనే పుట్టాడు. కాన్పు కష్టమై మా ఆవిడకి ఒక బ్యాగు రక్తం ఎక్కించారు. బదులుగా పదిహేను రోజుల్లో నా రక్తం ఇస్తానని సంతకం పెట్టాను. వెళ్తే, నీకే రక్తం తక్కువగా ఉంది, మూడు నెలలాగి రమ్మన్నారు. మూడు నెలల తరవాత దుకాణం తగువుల్లో పడ్డాను. ఏడాది దాటాక సిగ్గేసింది. ఇరవై రెండేళ్ళయింది. ఈ వీధిలోంచి వెళ్ళినప్పుడల్లా అవతలి పక్కనుంచి నడిచేవాణ్ణి.

ఆవిడకి అదంతా చెప్పాను. ఆవిడ నన్ను గుర్తుపట్టలేదు. అప్పటికి తను ఉద్యోగంలో చేరి రెండేళ్ళేనంది. తారీఖు అడిగింది. మావాడి పుట్టినరోజు చెప్పాను. లోపలి గదిలోకి వెళ్ళి చాలాసేపు వెతికి, దుమ్ము తుడుచుకుంటూ ఒక పాత పుస్తకం తెచ్చింది. నా పేరు, నా సంతకం, ఎదురుగా 'బదులు' అన్న గడి ఖాళీగా ఉంది.

వేలు గుచ్చి చుక్క పరీక్ష చేసి, "ఇప్పుడు సరిపడా ఉంది లెండి," అని నవ్వింది. రెండు రోజుల్లో ఆవిడ నవ్వడం అదే మొదలని వాళ్ళమ్మాయి తరవాత చెప్పింది.

"పిడికిలి బిగించండి. వదలండి. మళ్ళీ బిగించండి."

పక్కమంచమ్మీదనుంచి ఇన్‌స్పెక్టరు, "నెప్పా బాబాయ్?" అనడిగాడు. సూదంటే అతనికి భయమని మొహమే చెప్తోంది.

"చీమ కుట్టినంత. కళ్ళు మూసుకో."

బ్యాగు నిండాక పెద్దక్క దాన్ని రెండు చేతులతో ఫ్రిజ్‌లో పెట్టి తలుపు వేసింది. తరవాత కూర్చుని, పాత పుస్తకం ముందుకు లాక్కుని, ఖాళీగా ఉన్న ఆ గడిలో 'ముట్టింది' అని రాసి, ఈ రోజు తారీఖు వేసింది.